షేతు: ఆదికాండంలో ఏడు వచనాలే, గ్నోస్టిక్ గ్రంథాల్లో రక్షకుడు. ఎలా?

కొత్తచదువరి
ఆదికాండంలో షేతు పేరు వచ్చేది ఏడు వచనాల్లో: 4:25, 26; 5:3, 4, 6, 7, 8. ఆ తర్వాత 1 దినవృత్తాంతములు 1:1లో, లూకా 3:38లో వంశావళి వరసలో ఒక్కోసారి. ఎక్కడా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడడు. 912 ఏళ్లు బతికాడు, ఎనోషును కన్నాడు, చనిపోయాడు. మరి ఐగుప్తులో దొరికిన పాత చేతిరాత పుస్తకాలైన నాగ్ హమ్మాదీ గ్రంథాల్లో ఈయన పరలోకంలో ఉండే మహా షేతు ఎలా అయ్యాడు? మూల గ్రంథాలు చదివినవాళ్లు చెప్పండి. చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

రాతిపలక
మొత్తం రెండు వచనాల మీద నిలబడి ఉందండీ. మొదటిది 4:25. హేబెలునకు ప్రతిగా దేవుడు నాకు "మరియొక సంతానమును" నియమించెను అంటుంది హవ్వ. గ్రీకు పాత నిబంధనలో ఈ చోట ఉన్నది "స్పెర్మా హెతెరోన్", అంటే వేరొక విత్తనం. మామూలుగా చదివితే "ఇంకో బిడ్డ". "హెతెరోన్" మీద ఒత్తు పెట్టి చదివితే "వేరే రకం బిడ్డ". గ్నోస్టిక్కులు, అంటే రహస్య జ్ఞానంతోనే రక్షణ అని నమ్మిన తొలి శతాబ్దాల గుంపులవాళ్లు, ఒత్తు పెట్టి చదివారు.

రెండోది 5:3. ఆదాము "తన పోలికెగా తన స్వరూపమున" కుమారుని కన్నాడు. ఈ మాట కయీనుకు లేదు, హేబెలుకు లేదు, షేతుకే ఉంది. అయితే ముందు పుట్టిన ఇద్దరూ ఎవరి పోలిక? ఈ ప్రశ్నకు యోహాను రహస్య గ్రంథం చెప్పే జవాబు ఘాటుగా ఉంటుంది. ఈ లోకాన్ని చేసిన యల్దబావోత్ హవ్వను చెరిచి ఇద్దరిని కన్నాడట, వాళ్ల పేర్లు ఎలోహీం, యావే. ఒకడిది ఎలుగుబంటి ముఖం, ఒకడిది పిల్లి ముఖం. మనుషులు వాళ్లను కయీను, హేబెలు అని పిలుస్తున్నారట. ఆ తర్వాతే ఆదాము తన పూర్వజ్ఞానపు పోలికను గుర్తుపట్టి "మనుష్యకుమారుని పోలిక"ను కని, పైలోకాల్లో ఉన్న జాతి పద్ధతి ప్రకారం షేతు అని పేరు పెట్టాడు. నాగ్ హమ్మాదీ రెండవ కోడెక్సులో (కోడెక్సు అంటే చేతిరాత పుస్తకం) 24వ పుట చివర, 25వ పుట మొదట్లో ఉంది చూడండి.

అన్ని గ్రంథాలూ ఒకేలా చెప్పవు. అధిపతుల స్వరూపం అనే గ్రంథంలో కయీను మాత్రమే అధిపతుల (ఈ లోకాన్ని ఏలే శక్తుల) కొడుకు, హేబెలు ఆదాముకే పుట్టాడు. "గ్నోస్టిక్కులు ఇలా నమ్మారు" అని గుండుగుత్తగా రాసేస్తే తప్పు జరిగేది ఇక్కడే.

బెరయవాసి
గౌరవంగానే అడుగుతున్నాను. నోవహు షేతు వంశంవాడే కదా, 5వ అధ్యాయం అంతా అదే లెక్క. జలప్రళయం తర్వాత మిగిలింది నోవహు కుటుంబం ఒక్కటే. అంటే ఈ రోజు భూమ్మీద ఉన్న ప్రతి మనిషీ షేతు సంతానమే. ఇక "వేరే జాతి" ఎక్కడ మిగిలింది? మా ప్రసంగాల్లో 6:2లోని "దేవుని కుమారులు" అంటే షేతు వంశస్థులని, "నరుల కుమార్తెలు" అంటే కయీను వంశంవాళ్లని చెబుతారు. అది అర్థమవుతుంది. ఇది అర్థం కావడం లేదు.

హవ్వకూతురు
బెరయవాసి గారూ, మీరు పట్టుకున్న చిక్కు ఆ గ్రంథం రాసినవాళ్లకూ తెలుసు. ఆదాము ప్రకటన గ్రంథం (ఐదవ కోడెక్సులో చివరిది, 64 నుంచి 85వ పుట వరకు) దీనికి నేరుగా జవాబు చెబుతుంది. అందులో ప్రళయం వచ్చేదే షేతు జాతిని తుడిచెయ్యడానికి. దేవదూతలు ఎత్తైన మేఘాల మీద వచ్చి వాళ్లను ఎత్తుకుపోతారు. నోవహు ఓడలో బతికినవాళ్లు వేరు. నీళ్లు తీశాక ఆ మనుషులు మళ్లీ కనబడితే ఈ లోకపు దేవుడు నోవహును నిలదీస్తాడు: నా శక్తిని ధిక్కరించడానికి వేరే జాతిని తయారుచేశావా అని. నోవహు జవాబు, వాళ్లు నా నుంచీ రాలేదు, నా కుమారుల నుంచీ రాలేదు. 71వ పుటలో ఉందిది. ఆదికాండం వంశావళిని అక్కడికక్కడే విడదీసేశారు.

ఆ తర్వాత వచ్చేది చాలామంది దాటేస్తారు. హాము, యాపెతుల సంతానంలోంచి నాలుగు లక్షల మంది వచ్చి ఆ జాతితో కలిసి నివసిస్తారు (73వ పుట). షేతు జాతి అంటే పుట్టుకతో మూసేసిన కులంలాంటిది కాదన్నమాట. బయటినుంచి వచ్చి చేరవచ్చు. "రక్షణ పుట్టుకతోనే నిర్ణయమైపోయిందని నమ్మేవాళ్లు" అని వాళ్ల మీద వేసే నింద ఈ గ్రంథం విషయంలో నిలవదని నా గట్టి అభిప్రాయం.

సప్తతి
ఆదాము ప్రకటన మొదటి వాక్యంలో ఒక అంకె ఉంది, అందరూ తికమకపడతారు. ఆదాము తన కుమారుడు షేతుకు "ఏడువందలవ సంవత్సరమున" ఈ సంగతి బోధించాడు అని. ఆదాము 930 ఏళ్లు బతికాడు కదా, 700 అంటే ఇంకా 230 ఏళ్ల ఆయుష్షు ఉండాలి. కానీ గ్రంథం నడిచే తీరు చూస్తే తండ్రి చివరి మాటల్లా ఉంటుంది.

మన తెలుగు బైబిలు హెబ్రీ లెక్క పాటిస్తుంది. షేతు పుట్టేటప్పటికి ఆదాముకు 130, ఆ తర్వాత 800, మొత్తం 930. గ్రీకు లెక్కలో షేతు పుట్టేటప్పటికి 230, తర్వాత 700, మొత్తం అదే 930. ఇప్పుడు "ఏడువందలవ సంవత్సరం" అంటే షేతు పుట్టిన తర్వాత 700, ఆదాము కన్నుమూసే ఏడాది. రాసినవాళ్ల చేతిలో ఉన్నది గ్రీకు బైబిలని ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది. హెబ్రీ లెక్కతో చదివితే ఈ వాక్యం ఎప్పటికీ కుదరదు.

కొత్తచదువరి
ఇది బాగా తెలిసింది, ధన్యవాదాలు. మరి మొదటగా "మహా షేతు రెండవ గ్రంథం" తీసుకోవచ్చా? పేరులోనే షేతు ఉన్నాడు కదా.

నైలుగట్టు
వద్దండి. అందరూ పడే గోతి అదే. ఏడవ కోడెక్సులోని ఆ గ్రంథంలో షేతు పేరు శీర్షికలో తప్ప లోపల ఎక్కడా లేదు. మాట్లాడేది క్రీస్తు. కురేనీయుడైన సీమోను సిలువ మోశాడని, పైనుంచి తాను నవ్వుతున్నానని చెప్పే భాగం అందులోదే. షేతు పురాణం కోసం వెళ్తే ఖాళీ చేతులతో వస్తారు.

నేనైతే ఇలా వెళ్లమంటాను. ఆదికాండం 4, 5 అధ్యాయాలు పక్కన తెరిచి పెట్టుకుని యోహాను రహస్య గ్రంథం మొదలుపెట్టండి. ఇది నాలుగు ప్రతుల్లో ఉంది. నాగ్ హమ్మాదీ రెండు, మూడు, నాలుగు కోడెక్సుల్లో ఒక్కొక్కటి, 1896లో కైరోలో కొన్న బెర్లిన్ కోడెక్సులో ఒకటి. బెర్లిన్ కోడెక్సుది, మూడవ కోడెక్సుది పొట్టి పాఠం. రెండవ, నాలుగవ కోడెక్సులవి పొడుగు పాఠం. మొదట పొట్టిది చదవండి. పొడుగుదాంట్లో ఆదాము శరీరంలో ఒక్కో అవయవాన్ని ఏ దూత చేశాడో చెప్పే పెద్ద జాబితా మధ్యలో వస్తుంది. కొత్తవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. పొట్టిది పూర్తయ్యాక పొడుగుదాని చివర్లో ఉన్న పూర్వచింతన గీతం మాత్రం తప్పక చదవండి, పొట్టి పాఠంలో అది లేదు.

తర్వాత ఆదాము ప్రకటన, ఆ తర్వాత అధిపతుల స్వరూపం, ఆపైన ఐగుప్తీయుల సువార్త. జోస్త్రియానోస్, అల్లోగెనేస్ చివరికి పెట్టుకోండి. వాటిలో ప్లేటో తత్వం దట్టంగా ఉంటుంది, పైగా జోస్త్రియానోస్ పుటలు బాగా చిరిగిపోయాయి. ఆ రెండూ రోములో ప్లేటో మార్గపు తత్వవేత్త ప్లొతీనుస్ శిష్యుల మధ్య చదివేవారని, జోస్త్రియానోస్‌ను ఖండిస్తూ వాళ్లలో ఒకడైన అమేలియుస్ 40 పుస్తకాలు రాశాడని మరో శిష్యుడు పోర్ఫిరీ చెప్పాడు. అంత బరువున్న గ్రంథంతో మొదలుపెట్టకూడదు.

చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఉల్లేఖనాల్లో రోమన్ అంకె కోడెక్సుది, దాని పక్కది ఆ కోడెక్సులో గ్రంథం వరస, తర్వాతవి పుట, పంక్తి. అధ్యాయం, వచనం అనుకుని వెతికితే దొరకవు. ఇక చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నది చిరిగిన చోట పండితులు ఊహించి నింపింది. అక్కడున్న మాట మీద సిద్ధాంతం కట్టకండి.

రాతిపలక
నైలుగట్టు గారి మాటకు ఒక చేర్పు. ఐగుప్తీయుల సువార్తకు మూడవ కోడెక్సులో 45 నుంచి 48 వరకు పుటలు లేవు. అక్కడ నాలుగవ కోడెక్సు పాఠం చూసుకోవాలి. అయితే ఆ రెండూ గ్రీకులోంచి వేర్వేరుగా చేసిన అనువాదాలు. ఒకదానిలోని మాటను ఇంకోదానిలో యథాతథంగా అతికించకూడదు. యోహాను రహస్య గ్రంథం విషయంలో రెండు, నాలుగు కోడెక్సులు ఒకే అనువాదానికి రెండు నకళ్లు. అక్కడ ఆ ఇబ్బంది లేదు.

హవ్వకూతురు
షేతు గురించి మాట్లాడుతూ అతని చెల్లెల్ని వదిలేస్తే సగం కథే చెప్పినట్టు. అధిపతుల స్వరూపంలో షేతు తర్వాత హవ్వ నోరెయాను కంటుంది, అనేక తరాలకు సహాయంగా కన్యను కన్నానంటుంది. అధిపతి ఓడ కట్టి సీర్ కొండ మీద పెట్టమని నోవహుకు చెబుతాడు. నోరెయా వచ్చి ఎక్కనివ్వమంటే నోవహు ఒప్పుకోడు. ఆమె ఊదుతుంది, ఓడ కాలిపోతుంది, అతను రెండోసారి కట్టుకోవాల్సి వస్తుంది. తర్వాత అధిపతులు ఆమె మీదికి వచ్చినప్పుడు ఆమె కేక పెడితే దిగివచ్చే దూత ఎలెలెథ్. ఆ గ్రంథంలో షేతుకు దక్కింది రెండు మూడు పంక్తులు, నోరెయాకు పుటలు.

ఈ ఎలెలెథ్ పరలోకంలోని నాలుగు వెలుగుల్లో ఆఖరివాడు. యోహాను రహస్య గ్రంథంలో మొదటి వెలుగు హర్మోజెల్ దగ్గర పరలోకపు ఆదాము, రెండో వెలుగు ఒరొయాయెల్ దగ్గర షేతు, మూడో వెలుగు దవెయిథాయ్ దగ్గర షేతు సంతానం, నాలుగో వెలుగు ఎలెలెథ్ దగ్గర ఆలస్యంగా మారుమనస్సు పొందిన ఆత్మలు. ఈ నాలుగు పేర్లూ ఒకచోట కనబడితే ఆ గ్రంథం ఈ సంప్రదాయానిదేనని చాలావరకు గుర్తుపట్టవచ్చు.

సప్తతి
"సీర్" పేరు వచ్చింది కాబట్టి జోసెఫస్ సంగతి. షేతు సంతానం నక్షత్రశాస్త్రం కనిపెట్టారని, లోకం ఒకసారి నిప్పుతో, ఒకసారి నీళ్లతో నాశనమవుతుందని ఆదాము ముందే చెప్పాడని, అందుకని రెండు స్తంభాలు కట్టి ఆ విద్య అంతా చెక్కారని ఆయన యూదుల చరిత్ర మొదటి పుస్తకంలో రాశాడు. ఒకటి ఇటుకది, ఒకటి రాతిది. వరదకు ఇటుక కొట్టుకుపోయినా రాయి మిగలాలని. రాతి స్తంభం సీరిస్ దేశంలో ఇప్పటికీ ఉందంటాడు. జోసెఫస్ గ్నోస్టిక్ కాదు, మొదటి శతాబ్దపు యూదుడు. షేతు దగ్గర ప్రళయాన్ని దాటి వచ్చిన విద్య ఉందన్న నమ్మకం గ్నోస్టిక్కుల సొంత కల్పన కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అది యూదుల్లో అప్పటికే ఉంది. వాళ్లు దాని మీద కట్టుకున్నారు.

నైలుగట్టు
ఆ స్తంభాల నుంచే "షేతు మూడు శిలలు" (ఏడవ కోడెక్సు, 118 నుంచి 127వ పుట). జోసెఫస్‌కు రెండు, ఇక్కడ మూడు. కారణం లోపలే కనబడుతుంది. మొదటి శిల పరలోకపు ఆదాము గెరదామాస్‌కు స్తుతి, రెండోది పరమ తండ్రి నుంచి మొదట వెలువడిన దివ్యశక్తి బార్బెలోకు, మూడోది అందరికంటే ముందున్నవానికి. మెట్టు మెట్టుగా పైకి ఎక్కే మూడు స్తోత్రాలు. దోసితెయోస్ అనేవాడు ఆ శిలలను చూసి, చదివి, గుర్తుపెట్టుకుని ఎన్నికైనవారికి అందించాడని ముందుమాట.

పాడే పద్ధతి కూడా చివర్లో చెబుతుంది. మూడోదాని తర్వాత మౌనం. ఆ తర్వాత మూడో దాని నుంచి రెండో దానికి, అక్కడినుంచి మొదటిదానికి దిగిరావాలి. "ఎక్కే దారే దిగే దారి" అంటుంది. మొదట్లో "నేను" అని ఉన్నది పోనుపోను "మేము" అవుతుంది. ఒంటరిగా చదివేది కాదు, గుంపుగా పలికేది. ఈ కోడెక్సు అట్ట లోపల అతికించిన పాత కాగితాల మీద 341, 346, 348 సంవత్సరాల తేదీలు ఉన్నాయి. అట్ట కట్టింది ఆ తర్వాతే. స్తోత్రాలు అంతకంటే పాతవి.

బాప్తిస్మం సంగతి అడిగేవాళ్లు "ఐదు ముద్రలు" అన్న మాట గమనించండి. ఐగుప్తీయుల సువార్త వాటిని విడివిడిగా విప్పి చెప్పదు. పదమూడవ కోడెక్సులోని త్రిరూప ప్రథమచింతనలో మాత్రం ఐదు పనులు వరసగా ఉన్నాయి. వస్త్రం తొడగడం, జీవజలంలో ముంచడం, సింహాసనం ఎక్కించడం, మహిమపరచడం, వెలుగులోకి ఎత్తుకోవడం. ఒక్కో పనికి ముగ్గురేసి పేర్లు. ముంచేవాళ్లు మిఖెయుస్, మిఖార్, మ్నెసినూస్.

బెరయవాసి
ఇంతవరకు బాగానే ఉంది. మరి యేసుక్రీస్తు ఎక్కడ వచ్చాడు? షేతే క్రీస్తు అంటారా?

రాతిపలక
గ్రంథాన్నిబట్టి మారుతుందండీ. ఐగుప్తీయుల సువార్తలో యేసు మహా షేతు "తొడుక్కున్న" వ్యక్తి. షేతు మూడుసార్లు దిగుతాడు: ప్రళయంలో, అగ్నిలో, అధిపతుల తీర్పులో. మూడో రాక యేసు రూపంలో. ఆ గ్రంథం ప్రకారం షేతు ఈ పుస్తకాన్ని 130 ఏళ్లలో రాసి ఖరక్సియో అనే కొండ మీద పెట్టాడు. ఆదికాండం 5:3లోని 130 గుర్తొస్తుంది, నిజమే. కానీ ఈ ఒక్క అంకెను పట్టుకుని వీళ్లు హెబ్రీ పాఠం చదివారని తేల్చకూడదు. ఇంకో సంగతి, సొదొమ గొమొఱ్ఱాలు ఇక్కడ షేతు తన మొక్కను నాటిన చోట్లు. అగ్ని కురిసింది ఆ సంతానాన్ని కాల్చడానికట. ఆదికాండాన్ని తలకిందులుగా చదవడం అంటే ఇదే.

ఆదాము ప్రకటనలో యేసు పేరే లేదు. "వెలుగిచ్చేవాడు" వస్తాడు. అతని పుట్టుక గురించి పదమూడు రాజ్యాలు పదమూడు కథలు చెబుతాయి. ప్రతి కథ చివర ఒకే పల్లవి: ఇలా అతను నీళ్ల దగ్గరకు వచ్చాడు. ఆఖరున రాజులేని జాతి మాత్రమే సరైన మాట చెబుతుంది.

షేతే క్రీస్తు అని వాళ్లంటున్నారని సూటిగా రాసింది గ్నోస్టిక్కులను ఖండించిన ఎపిఫానియుస్ లాంటి క్రైస్తవ రచయితలు. ఇక 2006లో వెలువడ్డ యూదా సువార్త. అందులో 49వ పుటలో "షేతు యొక్క నాశనములేని జాతి" ఉంది, సందేహం లేదు. కానీ 52వ పుటలో పాతాళాన్ని ఏలే ఐదుగురి జాబితాలో మొదటివాణ్ణి "క్రీస్తనబడిన షేతు" అని చదివారు. పవిత్ర జాతికి తండ్రిని పాతాళపు అధిపతుల్లో ఎలా పెడతారు? అక్కడ అక్షరాలు కొన్ని పోయాయి. వేరే గ్రంథాల్లో ఆ స్థానంలో ఉండేది అథోథ్. లిపికారుడి పొరపాటని సవరించేవాళ్లున్నారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ఆ పంక్తిని ఆధారంగా చూపించి వాదించకండి.

మూలప్రతి
ఇక్కడ ఒక అభ్యంతరం. అందరూ "షేతు సంప్రదాయం" అని ఒక సంఘం ఉన్నట్టే మాట్లాడుతున్నారు. ఈ గ్రంథాల్లో ఎక్కడా "మేము షేతీయులం" అని లేదు. "షేతు విత్తనం", "కదలని జాతి", "రాజులేని జాతి" అంటారు. షేతీయులు అన్నది ప్రత్యర్థులు పెట్టిన పేరు. ఆ ప్రత్యర్థుల మాటల్లోనూ పొత్తు లేదు. వాళ్లలో ఒకడైన హిప్పోలితుస్ చెప్పే షేతీయులకు మూడు మూలాలు: వెలుగు, చీకటి, మధ్యలో ధూపం వాసనలాంటి ఆత్మ. ఇందులో బార్బెలో లేదు, నాలుగు వెలుగులు లేవు. ఎపిఫానియుస్ అయితే వాళ్లను ఐగుప్తులో కలిశాననుకుంటున్నానని, ఏ దేశమో ఖాయంగా గుర్తులేదని రాశాడు. ఈ సాక్ష్యంతో సంఘాన్ని నిలబెట్టగలమా?

నైలుగట్టు
మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. హిప్పోలితుస్ వర్ణించినది ఏడవ కోడెక్సులోని షేము వివరణ గ్రంథానికి దగ్గర. ఈ గుంపు గ్రంథాలకు దానితో పొత్తు లేదు. అందుకే 1974లో హన్స్ మార్టిన్ షెంకే ప్రత్యర్థుల మాట పక్కనపెట్టి, గ్రంథాల్లోపలే ఏయే అంశాలు కలిసి వస్తున్నాయో లెక్కపెట్టాడు. షేతు సంతానమన్న స్పృహ, తండ్రి బార్బెలో కుమారుడు అనే త్రయం, నాలుగు వెలుగులు, యల్దబావోత్, ఐదు ముద్రలు ఇలాంటివి. ఒక గ్రంథంలో అన్నీ ఉండనక్కరలేదు. అయినా ఈ ముడి పదికి పైగా గ్రంథాల్లో పదే పదే కనబడుతుంది. "ముంచుతాం, ఇవిగో పేర్లు" అని రాసుకున్నవాళ్లకు ఏదో ఒక కూడిక లేకుండా ఉంటుందా?

మూలప్రతి
కూడిక ఉందంటే ఒప్పుకుంటాను. ఒకే కూడిక, ఒకే పేరు అంటే ఒప్పుకోను. యోహాను రహస్య గ్రంథపు మొదటి సగంలోని కథను 180 ప్రాంతంలో గ్నోస్టిక్కులను ఖండించిన ఇరేనియుస్ క్లుప్తంగా చెప్పాడు, అక్కడ షేతు సంతానం ఊసే లేదు. బార్బెలో కథ, షేతు కథ మొదట వేరువేరుగా ఉండి తర్వాత కలిశాయనే వాదానికి అది బలమైన ఆధారం.

సప్తతి
ఈ గ్రంథాల బయట కూడా షేతు ఉన్నాడు. ఇరాక్, ఇరాన్‌లలోని మందాయీలు అనే చిన్న మతస్థులకు షీతిల్ ఉన్నాడు. చనిపోయిన ఆత్మను అతని ఆత్మతో తూకం వేస్తారు. తూకానికి సరిపోకపోతే పైకి దారి లేదు. మూడవ శతాబ్దంలో మానీ స్థాపించిన మతంవాళ్లకు సేథేల్, ప్రవక్తల్లో ముందువరసవాడు. ముస్లింలకు షీస్ నబీ. అయోధ్య దగ్గర ఆరేడు గజాల పొడవున్న రెండు సమాధులను జనం షీస్, అయ్యూబులవిగా చెప్పుకుంటారని అక్బరు కాలపు ఐనె అక్బరీలో ఉంది.

హవ్వకూతురు
తెలుగులో రాసేవాళ్లకు ఒక మనవి. కొందరు "నాస్టిక్" అని రాస్తున్నారు. ఉచ్చారణ ప్రకారం తప్పు కాదు, కానీ చదివేవాడి కంటికి అది "నాస్తిక" అయిపోతుంది. దేవుడి గురించి ఇన్ని పుటలు రాసినవాళ్లను నాస్తికుల్ని చేసినట్టు. "గ్నోస్టిక్" అనే రాయండి. "జ్ఞానవాది" అంటే మన జ్ఞానమార్గంతో కలిసిపోతుంది. 1 తిమోతి 6:20లో "జ్ఞానమని అబద్ధముగా చెప్పబడిన" అన్న మాట ఉంది చూడండి, అక్కడి గ్రీకు పదం గ్నోసిసే. ఇరేనియుస్ తన ఖండన గ్రంథానికి పేరు అక్కడినుంచే తీసుకున్నాడు. అలాగే షేతును "సేత్" అని రాస్తే ఒసిరిస్‌ను చంపిన ఐగుప్తు దేవుడనుకునే ప్రమాదం ఉంది. గ్రీకులో ఇద్దరి పేరూ ఒకేలా రాస్తారు. మనకు తెలుగు బైబిలులో "షేతు" ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

కొత్తచదువరి
పొట్టి పాఠంతో మొదలుపెడతాను. ఒక్క సందేహం. పొట్టి పాఠం బెర్లిన్‌ది చదవాలా, మూడవ కోడెక్సుదా?

నైలుగట్టు
బెర్లిన్‌ది. మూడవ కోడెక్సు ప్రతిలో పుటలు పోయాయి. నాలుగు ప్రతులనూ పక్కపక్క నిలువు వరసల్లో అచ్చేసిన సంపుటి గ్రంథాలయంలో దొరికితే షేతు పుట్టుక దగ్గర తెరవండి, నాలుగు వరసలూ అడ్డంగా చదవండి. ఏ మాట ఎక్కడ చేరిందో, ఎక్కడ జారిందో కంటికి కనబడుతుంది.